నిప్పుమీద కొవ్వు ముక్క

"ఆడదా, మగదా? మగదైతే విత్తులు తీసిందేనా?" అని నేనడిగితే, నెల్లూరులో పందిమాంసం కొట్టతను కత్తి ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏందక్కా, సంబంధం చూస్తన్నావా?"

"ఉప్పుకండ పెట్టాలబ్బాయ్. సంబంధం కన్నా జాగ్రత్తగా చూడాల."

"ఫారం పందక్కా ఇది. ఆరేడు నెలలకే కోసేస్తాం. మగదైనా వాసనొచ్చే వయసు యాడిది?"

అదీ నిజమే. కిలో తీసుకుని ఆటో ఎక్కాను. అమ్మ పోయిన నాలుగేళ్లకు మళ్లీ ఆమె ఎండబెట్టే ఉప్పుకండ మీదికి మనసు పోయింది. ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

మా ఊరు తోటపల్లి గూడూరు దగ్గర. ఇప్పుడు రొయ్యల గుంటలున్న చోట అప్పట్లో మా పందులు తిరిగేవి. మగ పందిపిల్లలు పాలు మరవకముందే మా మామ వచ్చి బ్లేడుతో విత్తులు తీసి, గాయానికి పసుపూ బూడిదా అద్దేవాడు. డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా ఒకసారి, చెవిమీద మచ్చ ఉన్న పిల్లను చంకనెత్తుకుని అడ్డం నిలబడ్డాను. నోరులేని జీవాన్ని కోయడానికి మీరెవరన్నాను.

"తీస్తేనే కొవ్వు పడుద్దే, కండ మెత్తగా ఉంటాది. వదిలేస్తే ఎముకలూ కంపూనే మిగిలేది," అంది అమ్మ.

మూఢనమ్మకమన్నాను. నా నోటికి జడిసి దాన్ని వదిలేశారు.

ఏడాది తిరిగేసరికి దానికి మెడ బలిసింది గానీ ఒంట్లో పెద్దగా కొవ్వు పట్టలేదు. ఆడపందుల వెంట తిరగడమే దాని పని. కోసిన రోజు అమ్మ ఎప్పటిలాగే గోరంత కొవ్వు ముక్కను పొయ్యిలో నిప్పుమీద వేసింది. ఉప్పు పట్టించే ముందు ఆమె చేసే పరీక్ష అది. గుప్పున ఉచ్చకంపు కొట్టింది. నేను ముక్కు మూసుకోలేదు, మూసుకుంటే ఓడినట్టే.

అమ్మ మాంసాన్ని పేలికలుగా కోసింది. ఉప్పూ పసుపూ పట్టించి దండేనికి వేసింది. సముద్రపు గాలికి రెండు రోజుల్లోనే ఆ పేలికలు చెప్పుతోలులా బిగుసుకుపోయాయి. ఏటా చుట్టాలకు పంచేది, ఆ ఏడు ఒక్క ముక్కా గడప దాటించలేదు. వేయించి నా కంచంలో పెట్టింది.

"ఎట్టుందే?"

"బాగుంది."

"కంపు?"

"నీ ముక్కులో ఉంది."

"అట్టనా? అయితే ఇంకో రెండు ఎయ్యనా?"

"వెయ్యి" అన్నాను. దవడలు నొప్పెట్టేదాకా నమిలాను. ఉప్పుకండ దాచిన కుండ ఖాళీ అయ్యేవరకూ పొగరుతో అదే తిన్నాను. అమ్మ పైట అడ్డం పెట్టుకుని నవ్వడం కనబడుతూనే ఉంది. తర్వాత ఎన్నేళ్లు బతికిందో! రోజుకో వాదన పెట్టుకున్నాం. నువ్వు చెప్పిందే నిజమని మాత్రం నేననలేదు.

ఇంటికొచ్చి గ్యాసు పొయ్యి మీద పెనం పెట్టి, గోరంత కొవ్వు వేశాను. చిటపటలాడి కరిగింది. వంగి మరీ పీల్చాను. ఏ వాసనా లేదు. ఎందుకో ఆ పాత కంపు కోసం మళ్లీ పీల్చాను.

"కంపు నిజమేనమ్మా," అన్నాను పెనంకేసి చూస్తూ.

ఇంకో రెండు ఎయ్యనా అనే మనిషి లేదు. ఉప్పు డబ్బా దించాను.