ఖాళీ క్యారియర్లు

పెంటమ్మ నాలిక కత్తి, మనసు వెన్న అని తుర్కయంజాల్‌లో చెప్పుకుంటారు. ఆ కత్తి వల్ల ఇంతవరకూ ఎవరూ చావలేదు. ప్రాణం మీదికి తెచ్చింది ఆ వెన్నే.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం. ఎల్బీనగర్‌లో ఓ ప్రైవేటు దవాఖానలో పెంటమ్మ ఆయమ్మ. నలభై మంచాలకి ఇద్దరే నర్సులు. చుట్టాలని లోపలికి రానివ్వరు. గేటు దగ్గర పేరు రాసిన క్యారియర్ ఇచ్చి, సాయంత్రం వచ్చి పట్టుకుపోవాలి. తమ మనిషి తిన్నాడో లేదో వాళ్లకి చెప్పేవి ఆ గిన్నెలే.

మొదటి వారంలో ఒక కోడలు నిండుగా తిరిగొచ్చిన క్యారియర్ చూసి గేటు దగ్గరే కూలబడింది. కాకి ముట్టని పిండంలా వచ్చిందే అని ఏడ్చింది. మర్నాటి నుంచి ఎవరు తినకపోయినా పెంటమ్మ ఆ అన్నం దవాఖాన చెత్త వేసే పసుపు సంచిలోకి ఊడ్చి, గిన్నెలు కడిగి ఖాళీగా పంపసాగింది. తోటి ఆయమ్మ అండాలమ్మకీ నేర్పింది. పుణ్యం కదా!

పదకొండో మంచం మీద సాంబమూర్తి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కల మాస్టారు. దగ్గు తక్కువే, బాధంతా కడుపులోనే. కూర వాసన తగిలితే వాంతి. రోజుకి ఆరేడు విరేచనాలు. బెడ్‌పాన్ ఎత్తేది పెంటమ్మ కాబట్టి ఆ మాస్టారి ఈ లెక్క ఆమెకే తెలుసు.

ఆయన భార్య శేషారత్నం రోజూ గేటు దగ్గర నిలబడేది.

"తిన్నారా పెంటమ్మా?"

"గిన్నె నాకినట్టు తిన్నడమ్మ."

"అమ్మయ్య! రేపు ఇంకాస్త నెయ్యేసి పంపుతా."

క్యారియర్ రోజురోజుకీ బరువెక్కింది. మనిషి రోజురోజుకీ తేలికయ్యాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం పెంటమ్మ క్యారియర్‌లో పై గిన్నె ఊడ్చి కడుక్కొచ్చేసరికి ఆయన కళ్లు తెరిచి ఉన్నాడు.

"ఆవిడ వెళ్లిపోయిందా?"

"ఎవరు సారు?"

"నా అన్నం తినేది. కాళ్ల దగ్గర అటు తిరిగి కూర్చుంటుంది. ఒళ్లంతా తెలుపు. మొహం లేదు."

"మొఖం లేకుంటె ఎట్ల తింటది? జెరంల ఏందో కండ్లవడ్డది తియ్యి."

"నాకూ అదే అంతుపట్టదు. గిన్నె గీకిన చప్పుడు మాత్రం వినిపిస్తుంది." పెదాలు తడుపుకోబోయాడు, నాలిక మీద తడి లేదు. "మొన్న తొమ్మిదో మంచం దగ్గర కూర్చుంది. తెల్లారేసరికి ఆ మంచం ఖాళీ. నిన్న పన్నెండు. అదీ ఖాళీ. ఇవాళ నా దగ్గరే చాలాసేపు కూర్చుంది."

పెంటమ్మ ఆ రెండు మంచాల వైపు చూసింది. ఆ ఇద్దరూ పోయిన మాట నిజం. వాళ్ల అన్నం ఊడ్చిందీ తనే. చేతిలో స్టీలు మూత మెరిసింది. అందులోకి చూసింది. తన పీపీఈ కిట్ తెల్లటి ముసుగు, ఆవిరి పట్టిన అద్దం. కళ్లు లేవు, నోరు లేదు.

అలాగే వెళ్లి డాక్టర్ సింధూర ముందు నిలబడింది.

"పదకొండు సారు తింటలేడు మేడం."

"వాళ్లావిడ రోజూ ఫోన్లో చెప్తోందిగా, క్యారియర్ ఖాళీగా వస్తోందని? మోషన్స్ కూడా ఆ నెయ్యి వల్లే అనుకున్నాం."

"ఖాళీ చేసేది నేను. తొమ్మిది దినాల సంది మెతుకు ముట్టలే. పొద్దటి సంది ఏడుసార్లు బెడ్‌పాన్ పెట్టిన. ఒంటేలు చుక్క లేదు."

డాక్టరమ్మ పరుగెత్తింది. ఆయన చేతి మీద చర్మం పట్టి వదిలితే, మడత మడతలాగే నిలబడిపోయింది. సెలైన్ ఎక్కిస్తూనే తిట్టింది. "ఈ రోగం ఊపిరితిత్తులకే కాదు, పేగులకీ పడుతుంది. ఇంకో పూట ఆగితే కిడ్నీలు పోయేవి. బుద్ధుందా నీకు?"

పెంటమ్మ కత్తి ఆ రోజు ఒరలోంచి రాలేదు.

సాయంత్రం గేటు దగ్గర, మిగతా గిన్నెలు నిండుగానే ఉన్న క్యారియర్ అందుకోగానే శేషారత్నం చెయ్యి బరువుకి కిందికి జారింది. జరిగిందంతా పెంటమ్మ చెప్పింది.

"నువ్వన్నదే డాక్టరుకి చెప్పానే... నా నోటితో నేనే..."

"తిట్టుండ్రి అమ్మ, పడత. రేపు ఉప్పేసిన గంజి తెండ్రి. నెయ్యి ముట్టొద్దు."

మూడోనాటికి సాంబమూర్తి రెండు చెంచాల గంజి మింగాడు. అది కడుపులో నిలిచింది.

"చూసిండ్రా సారు, గామె ఇగ రాదు. వెళ్లగొట్టిన."

"లేదు పెంటమ్మా. అదిగో, పద్నాలుగో మంచం దగ్గర కూర్చుంది."

పెంటమ్మ గిరుక్కున తిరిగింది. మంచం కాళ్ల దగ్గర ఒక తెల్లటి వీపు వంగి ఉంది. చెంచా గిన్నెని గీకుతోంది.

"అండాలూ! గిన్నె కింద పెట్టు!"

చప్పుడు ఆగింది. ఆ తెల్లటి మనిషి మెల్లగా ఇటు తిరిగింది. మొహం లేదు.