వదులు కాజాలు

దర్జీ దుకాణంలో అతను ఇరవై ఏళ్లుగా కాజాలు కుట్టేవాడు. ప్రతి కాజాలోనూ ఒకసారి గుండీ దూర్చి చూడనిదే చొక్కాను చెయ్యి దాటనిచ్చేవాడు కాదు. అందరూ అతన్ని కాజా బావ అనేవారు.

నరాల జబ్బు ముందు కాళ్లకు పట్టింది. ఇది తగ్గేది కాదు, మెల్లగా పెరిగేదేనని డాక్టరు చెప్పేశాడు. దుకాణం మూడు మెట్లూ ఎక్కేసరికి పిక్కల్లో నిప్పులు పోసినట్టుండేది. చేతులున్నాయి కదా అని సర్దుకున్నాడు.

ఒకరోజు దుకాణం నడిపే మాస్టరు నాలుగు చొక్కాలు తెచ్చి ముందు పడేశాడు.

"ఏం బావా, ఇవి కాజాలా, కిటికీలా? నడుస్తుంటే గుండీలు వాటిలోంచి జారిపోతున్నాయట! కొత్తవి కుట్టిస్తానని ఒప్పుకుని వచ్చాను."

"దూర్చి చూశాకే ఇచ్చాను మాస్టారూ."

"ఏదీ, దీనికి పెట్టు చూద్దాం," అంటూ మాస్టరు తన ఒంటిమీది చొక్కా విప్పి ఇచ్చాడు. దాని కాజాలు బావ ఒంట్లో బాగున్నప్పుడు కుట్టినవే.

గుండీ వేళ్ల మధ్య నుంచి జారింది. మళ్లీ జారింది. అప్పుడు తెలిసొచ్చింది అతనికి. వేళ్లు మొద్దుబారినకొద్దీ, గుండీ దూరాలని, తనకు తెలియకుండానే కాజాలు పెద్దవి చేస్తూ వచ్చాడు. మాస్టరు మొహం తిప్పుకున్నాడు. అడక్కుండానే అతను కాజాలు కోసే తన చిన్న కత్తెర తీసి బల్లమీద పెట్టేశాడు.

"ఈ నాలుగూ నాకిచ్చెయ్యండి మాస్టారూ. నా కొలతవే."

ఏడాది తిరిగేసరికి వాటిలోనూ గుండీ దూర్చలేకపోయాడు. బడికి వెళ్లేముందు ఐదేళ్ల కూతురు అతని కుర్చీ ముందు నిలబడి గుండీలు పెట్టేది.

"కదలకు నాన్నా!"

"నేను కదలట్లేదమ్మా, ఒళ్లే కదులుతోంది," అన్నాడు.