పొడి డబ్బాలో కందిపప్పు

వికారాబాదులో తాండూరు బస్సు ఎక్కితే, నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. నాలాగే ఆమె కూడా ఒక కాలు చాపుకుని కూర్చుంది. నా సంచిలోని ప్రోటీన్ పొడి డబ్బా చూసి, "నీకు గూడ మోకాలు మార్చిండ్రా బిడ్డా?" అని అడిగింది.

అవునన్నాను. పప్పు బాగా తినమని డాక్టరు, తింటే కుట్లకు చీము పడుతుందని మా అత్తగారు. మధ్యలో నేను ఈ పొడి తాగి గట్టెక్కానని చెప్పాను.

ఆమె నా మోకాలిని చీర మీదుగానే బొటనవేలితో మెల్లగా నొక్కి చూసింది. తర్వాత తన మోకాలు నొక్కుకుంది.

"మా ఇంట్ల గూడ పప్పు వద్దన్నరు. నేను దొంగతనంగ తిన్న, మానింది. నువ్వు తినలె, నీది గూడ మానింది. ఇగ ఎవలి మాట నిజం?"

ఆమె జవాబు కోసం నా మొహంలోకే చూస్తోంది.

తాండూరులో దిగేముందు మూట విప్పి, దోసెడు కందిపప్పు నా కొంగులో పోసింది. "మా చేన్ల పప్పు. ఇంట్ల చెప్పకు" అంది.

పొడి ఎప్పుడో అయిపోయింది. ఆ డబ్బాలో ఇప్పుడు ఆమె పప్పు ఉంది. వండలేదు, పారేయనూ లేదు. డబ్బా చూసినప్పుడల్లా అత్తగారు "రోజూ తాగుతున్నవా?" అని అడుగుతారు. నేను తల ఊపుతాను.