మగ్గం ఆగితే నిద్ర రాదు

మా ఇంటామెకు కొన్నాళ్లుగా నిద్ర పట్టడం లేదు. తిరుపతిలో చూపిస్తే, ఇల్లు నిశ్శబ్దంగా ఉంచాలనీ, నిద్రలోనే మనసు ఆనాటి చిక్కులన్నీ సర్దుకుంటుందనీ, అది లేకపోతే మనిషి తనను తానే మరిచిపోతాడనీ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. చదువు మానేసేదాకా బడిలో నా అంతగా ఎవరూ నిద్రపోలేదు కాబట్టి, నా మనసంత సర్దుకున్నది జిల్లాలోనే ఉండదని నవ్వుకున్నాను గానీ, నిశ్శబ్దం అన్న మాట దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది.

మాది నగరి. ఇంట్లో మరమగ్గాన్ని పగలు అమ్మ, రాత్రి నాయన నడిపేవాళ్లు. పొద్దున్నే నాయన మగ్గం పక్కనే చాప పరుచుకుని, ఇల్లదిరే చప్పుడులో గురకపెట్టేవాడు. ఆ గురక మా చెవిన పడకుండా కాపాడిన పుణ్యం మగ్గానిదే. కరెంటు పోయి అది ఆగిందా, ఉలిక్కిపడి లేచేవాడు.

ఒకసారి మిద్దె మెట్ల మీద జారి ఆయన కాలు విరిగింది. పుత్తూరు కట్టు కట్టించి తెచ్చాక, మనిషికి విశ్రాంతి కావాలని అమ్మ మగ్గం ఆపేసింది. అభిమానం కొద్దీ ఇరుగుపొరుగూ తమవి ఆపేశారు. ఇక నాయన కన్ను మూస్తే ఒట్టు. రోజులు గడిచేకొద్దీ మాట తడబడింది, ఊరికే ఏడ్చేవాడు, చివరికి అమ్మనే పట్టుకుని "ఎవురమ్మా నువ్వు, యాడినుంచి వచ్చినావు?" అని అడిగాడు. మేము ఇంకా మెల్లగా నడిచాం, గిన్నె కూడా చప్పుడు కానివ్వలేదు. ఆయన ఇంకా దిగజారిపోయాడు.

చీరలు అందించాల్సిన గడువు ముంచుకొచ్చి, ఇక గతిలేక పక్కింటి పెద్దమ్మ తన మగ్గం వేసింది. ఇదేం మనిషని మేము పళ్లు కొరుక్కునేలోపే నాయన నిద్రపోయాడు. మరునాడు లేస్తూనే "ఏమే, కాఫీ యాడ?" అని అమ్మను గదమాయిస్తే, ఆ గదమాయింపుకే అమ్మ వెక్కివెక్కి ఏడ్చింది.

ఇప్పుడు మా వీధి మగ్గాలన్నీ పాత ఇనుముకు పోయాయి. మా ఇంటామె కూడా మగ్గాల ఇంట పుట్టినదే కదా అని, ఫోనులో ఆ చప్పుడు వెతికి వినిపించాను. కాసేపు విని తల అడ్డంగా ఊపింది.

"సద్దుకి గాదయ్యా మనం నిద్రపోయింది. ఎవురో ఒకరు మేలుకోని అంతా సూసుకుంటా ఉండారనే ధైర్యానికి."

అయితే నేను మేలుకుంటాను, నువ్వు పడుకో అని మధ్యాహ్నం ఆమె మంచం పక్కన కుర్చీ వేసుకున్నాను. కళ్లు తెరిచేసరికి ఫాను నావైపు తిప్పి ఉంది; ఆమె గోడకు ఆనుకుని నన్నే చూస్తోంది.

ఆ రోజుల్లో ఒక మనిషి నిద్రపోవడానికి వీధి వీధంతా మేలుకుని ఉండేది. ఇప్పుడా పని నా ఒక్కడి మీద పడింది. నాకేమో అది చేతకావడం లేదు.