చెనిక్కాయల నూనె తాగిన పియానో

మా ఇంట్లో పియానో మగ్గం గదిలో ఉంటుంది. ధర్మవరంలో ఈ మాట చెబితే వినేవాళ్లు ముందు నా ముఖం చూస్తారు, ఆ తర్వాత మా ఆయన ముఖం చూస్తారు. ఆయన తల వంచుకుని మగ్గం మీద నాడె విసురుతూ ఉంటాడు. ఇద్దరిలో ఒకరికి మతి చెడిందని వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఎవరికన్నది తేల్చుకోవడానికే కాస్త సమయం పడుతుంది.

నాకు యాభై ఎనిమిదేళ్లు. రోజూ పొద్దున సంగటి పొయ్యి మీద నుంచి దించాక, ఒక గంటసేపు ఆ పియానో ముందు కూర్చుంటాను. ఎందుకని అడుగుతారు. పిల్లలకు నేర్పిస్తావా? నేర్పించను. గుళ్లో భజనకు వాయిస్తావా? వాయించను. ఫోనులో వీడియోలు పెడతావా? పెట్టను. మరెందుకు? నాకు బాగుంటుంది కాబట్టి. ఈ జవాబు ఎవరికీ ఆనదు. మా వీధిలో మగవాళ్లు మధ్యాహ్నమంతా అరుగు మీద పేకాట ఆడతారు. ఎందుకు ఆడుతున్నారని అడిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

నేను పుట్టి పెరిగింది గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో. నాయన గూడ్సు బండ్ల గార్డు. మా వెనక వీధిలో ఒక ఆంగ్లో ఇండియన్ ముసలామె ఒంటరిగా ఉండేది. ఆమె భర్త ఇంజను డ్రైవరుగా రిటైరై చనిపోయాడు. అందరూ ఆమెను దొరసానమ్మ అనేవాళ్లు. గౌను వేసుకునేది, తెలుగు మాత్రం మాకంటే మొరటుగా మాట్లాడేది. ఆమె ఇంట్లో పియానో ఉండేది. కొళాయికి నీళ్లు వచ్చే రోజు వరుసలో నిలబడి రెండు బిందెలు పట్టి ఇస్తే నాకు అరగంట పాఠం. పదేళ్లప్పుడు మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ల దాకా ఆమెకు నీళ్లు మోశాను. పియానో నేర్చుకోవడం అంటే నా భుజానికి ఇప్పటికీ బిందె అంచే గుర్తొస్తుంది.

చేతిని ఎలా ఉంచాలో చెప్పడానికి ఆమె అరచేతి కింద నిమ్మకాయ పెట్టేది. "అది నలగగూడదు, కింద పడగూడదు. పడిందో, ఇంకో బిందె తేవల్ల" అనేది. పాఠం అయ్యాక ఆ కాయనే పిండి, చక్కెర నీళ్లు కలిపి ఇచ్చేది. ఆమె నాకు చివరగా నేర్పింది మూడు దెబ్బల నడకలో సాగే ఒక చిన్న వరస. దానికి పేరుందో లేదో నేను అడగలేదు. అడగాలని తోచేలోపు నాకు పెళ్లి కుదిరింది.

ధర్మవరంలో నేత ఇల్లు. అత్తగారింటికి వచ్చిన నెలకే నా వేళ్లకు పని దొరికింది. మగ్గం మీద ఒక పడుగు అయిపోయాక కొత్త పడుగు ఎక్కించాలంటే, పాత పోగుల చివరలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేలకొద్దీ పోగులు. పట్టు జారకుండా వేళ్లకు పిడకల బూడిద అద్దుకోవాలి. నలభై ఏళ్లు నేను ఆ పని చేశాను. మా వీధిలో నా అతుకు తెగదని పేరు. ఆ పేరు నాకు సంతోషమే, అబద్ధం ఎందుకు చెప్పాలి! కానీ అతుకు పెట్టేటప్పుడు నా కుడిచేతి వేళ్లు ఒక్కోసారి వాటంతట అవే మూడు దెబ్బల నడకలో పడేవి. అది ఎవరికీ కనిపించేది కాదు.

నాలుగేళ్ల కిందట బంధువుల పెళ్లికి గుంతకల్లు వెళ్లాను. పెళ్లింటికి దారిలో ఒక గుజిరీ అంగడి, పాత ఇనుము కొనే చోటు. అక్కడ తుప్పు పట్టిన ఫ్యాన్ల కింద ఒక పియానో కనబడింది. దొరసానమ్మదో, వేరొకరిదో నాకు తెలియదు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఫ్యాన్లు పక్కకు నెట్టి మూత తీశాను. వేళ్లతో నొక్కే మెట్లలో సగం పలకలేదు. పలికిన సగం మీద నా కుడిచెయ్యి ఆ వరస మొదటి సగం వాయించేసింది. రెండో సగం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అది పూర్తిగా మరిచిపోయాను. నేను పట్టుచీరతో ఆ ఇనుము మధ్య నిలబడి ఏడ్చాను. అంగడాయన కంగారుపడి, "ఏమక్కా, కాలికేమన్నా గుచ్చుకున్యాదా?" అన్నాడు.

దాన్ని నా దుడ్లతోనే కొన్నాను. లగేజీ ఆటోలో ఎక్కించుకుని వచ్చాను. మా మామగారు పోయాక ఆయన మగ్గం తీసేశాం, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంతను కూడా పూడ్చేశాం. ఆ ఖాళీ జాగాలో పెట్టించాను.

ఇక్కడే మా వదిన గురించి చెప్పాలి. మా ఆయనకు అక్క. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. ఎదురింట్లోనే ఉంటుంది, ముందు గదిలో చీరల అంగడి. ఆ ఖాళీ జాగాలో అంగడి సరుకు మూటలు పెట్టుకోవాలని ఆమె ఎప్పటినుంచో అనుకుంటోంది. పియానో దిగిన రోజు గడప దగ్గరే నిలబడి చూసింది. "ముసలామెకు దసరా పండగొచ్చినట్లుండాదే" అంది. "వచ్చింది వదినా, నువ్వూ రా" అన్నాను. రాలేదు. తర్వాత ఒకరోజు పియానో మీద నిమ్మకాయ చూసి, దిష్టికి పెట్టానని అనుకుని, దానికి పసుపూ కుంకుమా పూసి వెళ్లింది. నేను దాన్ని కడిగి అరచేతి కింద పెట్టుకున్నాను.

బెంగళూరు నుంచి ఒకాయన వచ్చి రెండు రోజులుండి దాన్ని పలికించాడు. వీణకు బిరడలు ఉన్నట్టు దీనికీ తీగ తీగకూ ఒక ఇనుప బిరడ ఉంటుంది. అది చెక్కలోకి బిగుసుకుని ఉంటేనే తీగ బిర్రుగా ఉంటుంది. "మీ ఊరి ఎండకు చెక్క ఎండిపోయి బిరడలు వదులవుతాయి, జాగ్రత్త" అని చెప్పి, బిరడలు తిప్పే రెంచి ఒకటి నాకిచ్చి వెళ్లాడు. ఆ మాట మా ఆయన చెవిలో కూడా పడింది.

బెంగళూరాయన చెప్పినట్టే అయింది. నిరుటి ఎండాకాలం తీగలు ఒక్కొక్కటే జారడం మొదలుపెట్టాయి. పట్టు తెగకుండా మా ఆయన ఎలాగూ మగ్గం గుంతలో నీళ్లు చల్లుతాడు, తడి గోనెలు పరుస్తాడు. ఆ తేమ పియానోకు చాలలేదు. అపస్వరాలు వీధిలోకి వినబడేవి. నేను ఎండను తిట్టుకుంటుంటే, "ఆడలేక మద్దెల ఓడన్నెట్ల" అంది వదిన.

అప్పుడే మా చెల్లెలికి ఒంట్లో బాగాలేక నేను గుంతకల్లు వెళ్లి నాలుగు రోజులు ఉన్నాను. తిరిగి వచ్చేసరికి మా ఆయన ముఖం వెలిగిపోతోంది. "కూకో, వాయించి సూడు" అన్నాడు. పియానో ముందు పలక తీసి ఉంది. గదంతా పోపు వేసిన వాసన. కూర్చుని ఒక మెట్టు నొక్కాను. మూలుగు లాంటిది ఏదో వచ్చింది. ఇంకొకటి నొక్కాను. అదీ అంతే.

"ఏం చేసినావయ్యా?"

"చెక్క ఎండిపోయిందని ఆయప్ప చెప్పిన్యాడు గదా. నూనేసినా. చెనిక్కాయల నూనె, గానుగది. మగ్గానికి ఏసినట్లే. అన్ని మేకులకూ ఏసినా, ఒక్కటీ ఇడిసిపెట్టలేదు."

రెండు వందలకు పైగా బిరడలు. మూడు రోజులు కూర్చుని, ఒక్కొక్క దాని మొదట్లో చుక్క చుక్క వేశాడట. జారకుండా ఉండాల్సిన దానికి నూనె పోసిన మనిషి భూమ్మీద మా ఆయన ఒక్కడే అయి ఉంటాడు. నేను అరిచాను. నోటికి వచ్చినట్టు అరిచాను. ఆయన ఆ వేరుశనగ నూనె గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నాకు తలనొప్పి వస్తే తలకు నూనె పెట్టే మనిషి, పియానోకూ అదే చేశాడు. ఆ సంగతి తోచాక అరవడం ఆపి, గిన్నె ఆయన చేతిలోంచి అందుకున్నాను.

బెంగళూరాయనకు ఫోను చేశాను. నూనె అన్న మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. "ఇంక దాన్ని వదిలేయండి అమ్మా" అన్నాడు.

సాయంత్రానికి వదినకు తెలిసిపోయింది. వచ్చి మంచం మీద కూర్చుంది. "గుజిరీ నుంచి వచ్చినేది గుజిరీకే పోతాది. శ్రావణానికి పెండ్లి సరుకు దిగుతాది నాకు. ఆ లోపల అది మోగకపోతే తీసేయల్ల. ఏమప్పా, నువ్వేమంటావు?" అని తమ్ముణ్ణి అడిగింది. అక్క మాటకు ఎదురు చెప్పడం ఆయనకు రాదు. నూనె పోసిన తప్పు ఒకటి నెత్తిన ఉంది. "సరే అక్కా" అన్నాడు.

ఆ సరే నన్ను కాల్చింది. నలభై ఏళ్లలో ఆ ఇంట్లో నేను నాకంటూ అడిగింది అది ఒక్కటే. పియానో పోతే చచ్చిపోను. కానీ ఆ జాగాలో చీరల మూటలు పడ్డాక, నేనెప్పుడైనా మళ్లీ ఏదైనా నాకు బాగుంటుంది కాబట్టి చేస్తాననగలనా? అనలేను. అది నాకు స్పష్టంగా తెలుసు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఉలిపికట్టెనే అవుదామనుకున్నాను.

మర్నాడు పక్కింటివాళ్ల మగ్గానికి అతుకు పెట్టడానికి పిలిస్తే వెళ్లాను. అలవాటు కొద్దీ వేళ్లు బూడిదలో ముంచాను. ముంచి, అలాగే ఆగిపోయాను. చెమటా జిడ్డూ ఉంటే పోగు జారుతుందనే కదా ఈ బూడిద! అతుకు సగంలో వదిలేసి రాను కాబట్టి, సాయంత్రం దాకా పని ముగించి, వస్తూ వస్తూ వాళ్ల పిడకల బూడిద ఒక చేటెడు అడిగి తెచ్చుకున్నాను.

బూడిదను పాత చీర గుడ్డలో జల్లించాను. మా ఆయన రెంచితో బిరడ ఊడదీస్తాడు. నేను తుడిచి, ఆ రంధ్రంలో బూడిద కూరుతాను. రెండు రోజులకు అది నూనె పీల్చుకుని నల్లగా అవుతుంది. దులిపి మళ్లీ కొత్తది కూరడం. మూడోసారికి తెల్లగానే ఉంటే, బిరడకు గరుకు కాగితం ముక్క చుట్టి మళ్లీ బిగించడం. శ్రుతి ఫోను చూపిస్తుంది, నా చెవి ఒప్పుకోవాలి. నడుమ మెట్లకు మెట్టుకు మూడేసి తీగలుంటాయి. మూడూ బాగుచేసేంత సమయం లేదు. ఒక్కటి నిలిస్తే చాలనుకుని, మిగతా రెండూ మోగకుండా పట్టు పీలికలు దూర్చాము. ఆయన పొద్దున మగ్గం నేసి, మధ్యాహ్నం బిరడలు పెరికేవాడు. మా మధ్య మాటలు పెద్దగా లేవు. ఒకరోజు మాత్రం, "నీకు ఇది ఇంత ఇష్టమని నాకు తెలీదే" అన్నాడు. "నువ్వు అడగలేదు" అన్నాను. "ఊ" అన్నాడు, ఇంకో బిరడ తీశాడు.

శ్రావణం వచ్చేసరికి నడుమ ముప్ఫై మెట్లు శ్రుతిలో నిలిచాయి. అటూ ఇటూ ఉన్నవి మూగవే. శుక్రవారం పొద్దున్నే వదిన వచ్చింది. వెనక తలమీద మూటలతో ఇద్దరు కూలీలు. మూటలు వసారాలో దించారు.

"మోగుతాందా?" అంది.

నేను కూర్చున్నాను. అరచేయి గుండ్రంగా పెట్టి ఆ వరస మొదలుపెట్టాను. మొదటి సగం అయింది. రెండో సగం గుర్తుకు వచ్చిందంటే కథ బాగుంటుంది, కానీ రాలేదు. ఇక రాదు కూడా. నిలిచిన ముప్ఫై మెట్లలో దొరికినవాటితో నా సొంతంగా ఒకటి వాయించాను. దొరసానమ్మ వింటే నా చేత ఇంకో నాలుగు బిందెలు మోయించేది. పట్టు పీలికల వల్ల శబ్దం సన్నగా వచ్చింది. ఒకచోట తప్పింది. తప్పిన చోట ఆగకుండా చివరిదాకా వాయించాను.

వదిన వచ్చి ఒక చివర ఉన్న మూగ మెట్లు రెండు నొక్కి చూసింది. "సగం మోగల్యా. ఇది మోగినట్లా?" అని తమ్ముడి వైపు తిరిగింది. "చెప్పప్పా. మూటలు లోపల పెట్టించనా?"

ఆయన మగ్గం గుంతలోంచి లేవలేదు. నాడె పక్కన పెట్టి, రెండు అరచేతులూ ఎత్తి చూపించాడు. రెంచి తిప్పి తిప్పి బొబ్బలు పగిలి కాయలు కాసి ఉన్నాయి.

"వద్దక్కా. మూటలు యాడన్నా పెట్టుకో. ఈడ మాత్రం వద్దు."

నాకు తెలిసి ఆమెకు ఆయన చెప్పిన మొదటి వద్దు అది. వదిన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె మీద నాకు జాలి వేసింది, దాచుకోను. అయినా కుర్చీలోంచి లేవలేదు. ఆమె కూలీలకు మూటలు ఎత్తమని సైగ చేసి, గడప దాకా వెళ్లి, ఉండబట్టలేక వెనక్కి తిరిగింది.

"ఎవురింటారని వాయిస్తావే ఇది? నీ మొగునికి మగ్గం సప్పుడులో ఇనపడదు. వీధిలో ఎవురికీ పట్టదు. ఎవురింటారు?"

"నేనుండా గదా వదినా, వినేదానికి" అన్నాను.

ఆమె వెళ్లిపోయింది. మా ఆయన మళ్లీ నాడె అందుకున్నాడు. నా గంటలో ఇంకా అరగంట మిగిలి ఉంది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.