మంచినీళ్లు అడిగే పెన్ను

పోయిన వారం తెల్లవారుజామున నేను వాకిలి ఊడుస్తూ ఉంటే పక్కింటి అల్లుడు ఖాళీ బిందె పట్టుకొని వచ్చి నిలబడ్డాడు. "టీచరమ్మా, మా మామ పోయినాడు. స్నానం చేయించేకి ఒక బిందె మంచినీళ్లుంటే ఇయ్యమ్మా. మా బావిలో అన్నీ ఉప్పునీళ్లే" అన్నాడు. ఈ కరువులో మా ధర్మవరానికి చావు కబురు కూడా బిందెతోనే వస్తోంది. ఇంట్లో బిందెన్నర నీళ్లున్నాయి. బిందె ఇచ్చాను. అందరూ మంచి పని చేశావన్నారు. ఆ మాట వింటుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎందుకో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

పోయినాయన నాకు చుట్టం కాదు. వాళ్లు సాయిబులు, మేము మగ్గాలవాళ్లం. రెండిళ్లకూ నడుమ గోడ మాత్రం ఒకటే. మాటలు వచ్చినప్పటి నుంచి మామా అనే పిలిచాను. బజారులో పెన్నులు బాగుచేసేవాడు. అంగడంటే పెద్దదేం కాదు. మూతపడిన ఒక కొట్టు మెట్టు మీద గోనెపట్ట, ఒక చెక్కపెట్టె, నీళ్లు పోసుకోవడానికి అంచు విరిగిన పింగాణీ సాసరు, అంతే. ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి నాయన మగ్గం కింద పడిన పట్టుపోగులు ఏరుకొని పోయేవాడు. పాళీ చీలికలో చెత్త ఇరుక్కుంటే ఆ పోగు దూర్చి మెల్లగా అటూ ఇటూ లాగేవాడు. "ఇనుము పెడితే పాళీ ఏడుస్తాది పాపా, పట్టు పెడితేనే మాట వింటాది" అనేవాడు. బాగుచేసిన పెన్నుతో రాసి చూసేటప్పుడు చెవిని కాగితం దగ్గరికి వంచేవాడు. చిన్నప్పుడు నేను కూడా పక్కన కూర్చొని చెవి వంచేదాన్ని. నాకేమీ వినిపించేది కాదు. అయినా వినిపించినట్టే తల ఊపేదాన్ని.

ఊళ్లో ఎవరు కొత్త పెన్ను కొనాలన్నా ముందు ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. తాలూకా కచేరీ గుమాస్తాలు, పట్టు వ్యాపారులు, పెండ్లికొడుక్కి పెన్ను పెట్టాలనుకున్న మామలు, అందరూ. ఈ పెన్నుకు ఈ ధర తగునా అని అడిగేవాళ్లు. ఆయన తిప్పి చూసి, గోటిమీద పాళీ ఆనించి, తగుతుందనో తగదనో చెప్పేవాడు. దానికి పైసా తీసుకునేవాడు కాదు. "దుడ్లు నీవి, నోరు నాది. అబద్ధం చెప్తే రెండూ పోతాయి" అని నవ్వేవాడు. ఆ నవ్వులో కొంచెం గర్వం కూడా ఉండేది. ఎందుకుండకూడదు? ఆయనకున్న ఆస్తల్లా ఆ మాట మీద జనానికున్న నమ్మకమే.

నాకు టీచరు ఉద్యోగం వచ్చిన రెండో ఏడు బడి తనిఖీకి పెద్దాయన వచ్చాడు. ఆయన ముందు నేను హాజరుపట్టీలో సంతకం పెట్టబోతే నా పెన్ను సిరా కక్కింది. పట్టీ మీద అరచేయంత మరక. బడిలో నేనొక్కదాన్నే ఆడమనిషిని. "టీచరమ్మ ముగ్గు పెట్టింది సార్" అన్నాడు తోటి టీచర్లలో ఒకాయన. అందరి జేబుల్లో మెరిసే పెన్నులే. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, కొంటే బంగారు పాళీ ఉన్న సీమపెన్నే కొనాలని. బజారులో ఒక అంగట్లో అలాంటిది వచ్చింది. ధర నా జీతంలో సగానికి పైనే. చూపించి తెస్తానని అడిగి తీసుకొని నేరుగా మామ దగ్గరికి పోయాను.

ఆయన చాలాసేపు చూశాడు. "పెన్ను బంగారమే పాపా. ఆ ధరకు తగినదే. అయితే దీని లోపల కాలువలు శానా సన్నవి. మన ఉప్పునీళ్లలో సిరా బిళ్ల కలిపి పోసినావంటే రెండేండ్లలో సున్నం పట్టి మూసుకుంటాది. దీనికి సీసా సిరానే పోయాల, వారానికొకసారి మంచినీళ్లతో కడగాల. మనం తాగేకే లేవు. పెన్నుకు యాడ తెస్తావు? వద్దు. నీ పాతదే కక్కకుండా చేసిస్తా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. చుట్టూ నలుగురైదుగురు ఉన్నారు. పాత పెన్నే వాడుకోమంటే ఆ ముగ్గు మాట మళ్లీ విన్నట్టయింది. "మంచి పెన్ను కొంటే మళ్లీ నీ దగ్గరికి రిపేరుకు రానని భయమా మామా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. నవ్వుతూ అన్న మాటే ఎక్కువ దూరం పోతుంది. అక్కడున్నవాళ్లు పకపకా నవ్వారు. "బాగ జెప్పినావమ్మా!" అన్నాడొకడు. మామ కూడా నవ్వబోయి ఆగిపోయి, పెన్ను నా చేతికిచ్చాడు.

నేను కొన్నాను. నా మాట మాత్రం నా చేతుల్లో లేకుండా పోయింది. నెల తిరక్కుండానే ఊరంతా అదే ఎగతాళి. "ఆయన్ని అడిగితే ఏం చెప్తాడప్పా, కొనొద్దంటాడు. కొంటే అంగడి ఎత్తేయాల కదా!" అడగడానికి వచ్చేవాళ్లు తగ్గారు. వచ్చినవాళ్లు కూడా కన్ను గీటుకుంటూ అడిగేవాళ్లు. కొన్నాళ్లకు ఆయన చెప్పడమే మానేశాడు. ఏ పెన్ను చూపించినా "మీ ఇష్టమప్పా" అనేవాడు. నన్ను పాపా అనడం కూడా మానేశాడు. టీచరమ్మా, మీరు అనేవాడు. కోపంతో కాదు, మర్యాదగానే. గోడ అవతల నుంచి ఆ 'మీరు' వినబడిన ప్రతిసారీ నాకు అన్నం సయించేది కాదు. పోయి ఒక మాట చెప్పుకుంటే సరిపోయేది. రేపు చెబుదాం, మాపు చెబుదాం అనుకుంటూ ఉండిపోయాను.

సీసా సిరా కొన్ని నెలలే సాగింది. తర్వాత బిళ్లలే, ఉప్పునీళ్లే. సరిగ్గా ఆయన చెప్పినట్టే రెండో ఏడు పెన్ను మూగబోయింది. జనం పలచగా ఉంటారని మిట్టమధ్యాహ్నం పోయి ఆయన ముందు పెట్టాను. విప్పి ముక్కలు ముక్కలు చేశాడు. లోపలంతా గడ్డకట్టిన నీలం సిరా, తెల్లగా సున్నం. ఇంటి నుంచి చెంబులో తెచ్చుకున్న తాగేనీళ్లు సాసరులో పోసి వాటిని నానబెట్టాడు. "బాగవుతుందా మామా?" అన్నాను.

"అవుతాది టీచరమ్మా. కొంచేపు నానాల. కూర్చోండి."

అప్పుడే కొత్తచెరువు వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. చేతిలో అదే పెన్ను, నాలాంటిదే. అంగట్లో అడిగి చూపించడానికి తెచ్చాడు. వాళ్ల పాపకు టీచరు ట్రైనింగులో సీటొచ్చిందట. ఈ పెన్నే కావాలని పట్టు పట్టిందట. గడ్డి లేక మేకలమ్మిన దుడ్లు రుమాలులో మూటగట్టుకొని వచ్చాడు. కచేరీ గుమాస్తాలిద్దరు నీడకు వచ్చి నిలబడ్డారు.

"కొనొచ్చా సాయిబూ?" అన్నాడు రైతు.

"మీ ఇష్టమప్పా" అన్నాడు మామ.

ఒక గుమాస్తా కిసుక్కున నవ్వాడు. రైతు నా వైపు తిరిగి గుర్తుపట్టాడు. "అమ్మా, నువ్వే కదా! మా పాప నీ బడిలో చదివిన పిల్లే. నీ చేతిలో చూసే ఇది కావాలంటాంది. ఇంత దుడ్లు పెట్టొచ్చా? నువ్వు చెప్తే చాలు."

మామ చేతులు ఆగిపోయాయి. రెండేళ్ల తర్వాత తలెత్తి నా ముఖంలోకి నేరుగా చూశాడు. నేను చెప్పాల్సింది చాలా చిన్న మాట. ఈయన చెప్పిందే నిజం, నా పెన్ను ఇదిగో, చూడు. అంతే. ఆ రైతు దుడ్లు మిగిలేవి, ఆయన మాట ఆయనకు తిరిగి వచ్చేది. గుమాస్తాలు వింటున్నారు. వాళ్ల ముందు ఓడిపోవడం నాకు చేతకాలేదు.

"బాగానే రాస్తుందన్నా. తీసుకో" అన్నాను.

రైతు ముఖం విప్పారింది. పక్కన కూర్చొని రుమాలు ముడి విప్పుకుంటూ కూతురి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల పెన్ను తర్వాత ఏమైందో నేను ఈనాటికీ ఎవరినీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు. మామ చనిపోయే దాకా ఆయనతో కూడా ఆ మాట ఎత్తలేదు. ఇంక ఎత్తడానికి మనిషే లేడు.

ఆ మధ్యాహ్నం నేనా మాట అన్నాక ఆయన చేసింది ఇదే. రైతు చూపు కిందికి దిగకముందే భుజం మీది తెల్ల తువ్వాలు తీసి, ముక్కలైన నా పెన్ను కనబడకుండా సాసరు మీద కప్పాడు. రైతు మాట్లాడుతూనే ఉన్నాడు. మామ తల ఊపుతూ వింటున్నాడు. తువ్వాలు నడుమ నీలం మరక ఒకటి పుట్టి, నేను చూస్తుండగానే అంచుల దాకా పాకింది.