సందు చివరి నుంచి విన్న మూడు ఇంజన్లు

పాత కారు కొనేవాళ్ళు పొద్దున్నే బయల్దేరాలి. ఆలస్యమైతే అమ్మేవాడు ఇంజన్‌ని ముందే పావుగంట తిప్పి ఉంచుతాడు. వేడెక్కిన ఇంజన్ తన జబ్బులన్నీ దాచేస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి రిటైరైనవాణ్ణి, నా మాట నమ్మండి. అందుకే మొన్న మంగళవారం ఆరు కాకముందే అనకాపల్లి రైల్వే స్టేషన్‌లో ఉన్నాను.

నాతో వచ్చింది నూకరత్నం. పూడిమడకలో ఎండు చేపల వ్యాపారం. ఆమె, మరో ముగ్గురు ఆడవాళ్ళు కలిసి అనకాపల్లి, సబ్బవరం, చోడవరం సంతలకు సరుకు తీసుకెళతారు. వాసనొస్తుందని బస్సు ఎక్కనివ్వరు. ఆటోవాళ్ళు రెట్టింపు అడిగి, ఒక్కోరోజు అసలు రారు. సంతకు ఆలస్యమైతే సరుకు తిరిగి ఇంటికే. నలుగురూ మూడేళ్ళు కూడబెట్టారు, నూకరత్నం కూతురు డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకుంది. ఆ డబ్బుతో ఒక్క బండే వస్తుంది. ఇంజన్ మోసం చేస్తే మళ్ళీ బుట్టలు నెత్తికే.

"డ్రైవరు బాబూ, మీరొచ్చి సూడాలి" అని వారం క్రితం మా ఇంటికొచ్చి అడిగింది. ఊరినిండా మెకానిక్కులుండగా నన్నే ఎందుకు వెతుక్కుంటూ వచ్చిందో నేను అడగలేదు. అడగకపోవడానికి నా కారణం నాకుంది.

అమెరికా కంపెనీల కార్లే చూద్దామన్నది నేను. ఆ కంపెనీలు ఇక్కడ అమ్మకాలు ఆపేశాయి. పార్టులు దొరకవేమోనన్న భయంతో జనం కొనరు, అందుకే మంచి ఇంజన్లు చవగ్గా పడి ఉన్నాయి. రైల్లో ఎదురు సీటాయన ఈ మాట విని నవ్వాడు. "బోల్టు కావాలంటే అమెరికా ఎళ్ళాలి మావా!"

"మా పడవ ఇంజన్లు ఏ దేశానివో మాకు తెల్దు బాబూ, పూడిమడకలోనే బాగు సేసుకుంతన్నాం" అంది నూకరత్నం. ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

దువ్వాడలో దిగేసరికి 6:40. టిక్కెట్టు మనిషికి పది రూపాయలు. షేర్ ఆటోలో గాజువాక చేరి ఒక సందులో ఎర్ర పెట్రోలు కారు చూశాం. పదమూడు వందల సీసీ. బోనెట్ చల్లగా ఉంది, మంచిదే. తాళం తిప్పగానే అందుకుంది. నేను చెవి ఒగ్గి వింటుంటే నూకరత్నం నడుచుకుంటూ సందు చివరిదాకా వెళ్ళి, మాకు వీపు తిప్పి నిలబడింది. నాకు ఒళ్ళు మండింది. ఇంజన్ ఇక్కడుంటే ఈవిడ అక్కడికి పోయి ఏం చూస్తుంది?

తిరిగొచ్చి, "మంచి ఇంజనే బాబూ. మరి బుట్టలెక్కడెట్టాలి?" అంది. డిక్కీలో రెండు బుట్టలు కూడా పట్టవు. పైగా పెట్రోలు. వదిలేశాం.

ఇడ్లీ తిని, రెండు ఆటోలు మారి సబ్బవరం చేరేసరికి పది కావొచ్చింది. ఇక్కడా ఒక సందులోనే తెల్ల డీజిలు కారు, పద్నాలుగు వందల సీసీ. వెనక సీటు మడిస్తే ఆరు బుట్టలు పడతాయి. లీటరుకి ఇరవై ఇస్తుందని అమ్మే కుర్రాడు ఒట్టేశాడు. బోనెట్ మీద చెయ్యి పెడితే కాలింది. "ఇప్పుడే కడిగించి తెచ్చేను సార్" అన్నాడు. ఇంజన్ మాత్రం మెత్తగా, ముద్దుగా తిరుగుతోంది. నా మనసు అటే లాగింది. బేరం మొదలుపెట్టాను కూడా.

నూకరత్నం మళ్ళీ సందు చివరి నుంచి వచ్చింది. "వద్దు బాబూ. ఇది బరువు లాగదు."

"నీకెలా తెలుసు?"

"నాలుగు దెబ్బల్లో ఒకటి సన్నంగా పడతన్నాది."

నవ్వబోయి, ఎందుకైనా మంచిదని ఆయిల్ మూత తీశాను. గుప్పుగుప్పున పొగ తన్నుకొచ్చింది. ఒక సిలిండరు అరిగిపోయింది. కుర్రాడు ఫోన్ చూసుకోవడం మొదలెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు పెట్టుకుని నేను వేడి ఇంజన్‌కి పడిపోయాను. సిగ్గేసింది.

10:50కి చోడవరం బస్సు దొరికింది. సీటు దొరికాక అడిగేశాను, అంత దూరం పోయి వింటావెందుకని.

"అలవాటు బాబూ. బుట్టలు కనిపిత్తే బస్సు ఆపరు కదా. స్టాపు కాడ పాక ఎనకాల కూకుని సౌండు యినీవోళ్ళం. ఆపీవోడి బండి సౌండొకటి, ఆపనోడిదొకటి. మలుపు అవతలుండగానే తెలిసిపోయీది. ఆపీవోడైతే బుట్టలెత్తుకుని పరిగెత్తీవోళ్ళం."

ఆ స్టాపు నా రూట్లోదే. "మరి నా బండి?"

"మీ బండి సౌండు యింటే లెగీవోళ్ళమే కాదు."

కోపంగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. ఆ రూట్లో పదకొండేళ్ళు ఒకే బస్సు నడిపాను. చేపల బుట్ట కనిపిస్తే ప్రయాణికులు గోల చేస్తారని యాక్సిలరేటర్ తొక్కేవాడిని. ఎండలో నిలబడ్డ ముఖాలు అద్దంలో చిన్నవైపోవడం నాకు బాగా గుర్తు. వాళ్ళు నన్ను గుర్తుపట్టి ఉండరని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాను.

"మరి నన్నే ఎందుకు పిలిచావమ్మా?"

"పదకొండేళ్ళలో మీ ఇంజను ఒక్కరోజు దగ్గలేదు బాబూ. బండిని అంత బాగా సూసుకునీ మనిసికి ఇంజను తెల్దేటి?"

చోడవరంలో దిగాం.

అక్కడ భోజనం, మనిషికి తొంభై. ఆటోలో చీడికాడ చేరేసరికి ఒంటిగంటన్నర. చెరుకు రైతు ఒకాయన షెడ్డులో ఏడు సీట్ల బండి ఉంది, రెండున్నర వేల సీసీ డీజిలు. మధ్యాహ్నమైనా ఇంజన్ రాయిలా చల్లగా ఉంది. "మీరొచ్చి మీరే తిప్పుకోవాలని ముట్టుకోలేదండి" అన్నాడు రైతు. తాళం తిప్పితే రెండోసారికి అందుకుంది. నల్లటి పొగ, చెరుకు గానుగ ఇంజన్ లాంటి మోత. నా మనసుకి నచ్చలేదు.

నూకరత్నం ఈసారి చెరుకు తోట గట్టు దాకా వెళ్ళింది. తిరిగొస్తున్న ఆమె ముఖం చూసే నచ్చిందని అర్థమైంది.

"గట్టిగా అరుత్తన్నాది గానీ, అన్ని దెబ్బలూ ఒక్కలాగే పడతన్నాయి."

ఆయిల్ మూత తీశాను, పొగ లేదు. రేడియేటర్ నీళ్ళలో చమురు లేదు. ఊరి చుట్టూ ఒకసారి తిప్పి తెచ్చేసరికి నల్ల పొగా తగ్గింది. ఆమె చెవే గెలిచింది.

"సేపలేత్తాం బాబూ, ముందే సెప్తన్నాను" అంది రైతుతో.

"నాను బెల్లం ఏసేను. సీమలు మీకు ఫ్రీ" అన్నాడాయన. లక్షా ఎనభైకి కుదిరింది. నూకరత్నం కూతురు ఫోన్లోనే డబ్బు పంపింది. కాగితాలు చూసుకుని, సంతకాలు పెట్టించుకుని మూడున్నరకి బయల్దేరాం.

చోడవరం, అనకాపల్లి దాటి, పూడిమడక రోడ్డెక్కేసరికి ఐదు దాటింది. స్టీరింగు బరువు, గేర్లు మొండి, కానీ ఎక్కడా అలసిపోలేదు. సముద్రపు గాలి తగలగానే నూకరత్నం కిటికీ అద్దం పూర్తిగా దించేసింది. నాకూ చాలా రోజుల తర్వాత మనసు తేలికగా ఉంది.

మలుపు తిరిగితే ఆ స్టాపు. మిగతా ముగ్గురినీ బుట్టలతో అక్కడే ఉండమని నూకరత్నం చెప్పిందట. దగ్గరికొచ్చేసరికి ఒక్కరూ కనిపించలేదు. పాక వెనక నుంచి చీర చెంగు మాత్రం గాలికి ఎగురుతోంది. ఈ సౌండు వాళ్ళకి కొత్త, లేవలేదు.

బ్రేకు వేశాను. బుట్టలున్నాయని తెలిసీ ఆ స్టాపులో నేను బండి ఆపడం అదే మొదలు. హారన్ మీదకి చెయ్యి పోయింది.

"కొట్టకండి బాబూ" అంది నూకరత్నం. "ఇంజను ఆపకుండా ఉంచండి. ఆళ్ళని యిననీండి."

ఇంజన్ని అలాగే వదిలి, నేను దిగి వెనక తలుపు తెరిచి నిలబడ్డాను. కాసేపటికి పాక పక్క నుంచి ఒకామె తల బయటపెట్టి చూసింది. తర్వాత బుట్ట ఎత్తుకుంది.